బూజు విషానికి విటమిన్లు విరుగుడు కావు

"అన్నా, చేపలు మేత ముట్టడం లేదు" అంటూ చెరువు గుత్తకు తీసుకున్న మనిషి మందుల కొట్టు ముందు నిలబడితే, ఈ రోజుల్లో వచ్చే జవాబు దాదాపు ఒక్కటే. "మేతలో టాక్సిన్ ఉండుంటాదిలే అన్నా. లివర్ టానిక్ కలుపు, విటమిన్ సి, ఈ కలుపు, సెలీనియం ఉండే పొడి ఒకటి తీసుకుపో. వారంలో తిరుక్కుంటాయి." పిచ్చాటూరైనా గూడూరైనా, కొల్లేటి పక్కన కైకలూరైనా ఈ మాట పెద్దగా మారదు. ఈ విటమిన్లకు, సెలీనియంకు కలిపి వాడే, ఒకప్పుడు ప్రయోగశాలల్లో మాత్రమే వినిపించిన 'యాంటీఆక్సిడెంట్' అనే పదం ఇప్పుడు డబ్బాల మీద పెద్దక్షరాల్లోకి ఎక్కింది. బూజు పట్టిన మేతలో పుట్టే విషానికి ఇదే వైద్యమని కొట్టు యజమాని నమ్ముతున్నాడు, రైతు నమ్ముతున్నాడు, ఊరూరా తిరిగే కన్సల్టెంటు నమ్ముతున్నాడు. కొన్ని పరిశోధన పత్రాల చివరి పేరాలు కూడా ఆ నమ్మకానికి దన్నుగా నిలుస్తున్నాయి.

ఈ నమ్మకం తప్పు. చేప ఒంట్లో విటమిన్లకు పనే లేదని నేననడం లేదు. చాలా చేపలు మనలాగే విటమిన్ సిని సొంతంగా తయారుచేసుకోలేవు, మేతలో అది ఉండి తీరాలి. విటమిన్ ఈ కూడా అంతే. అయితే కొరత రాకుండా చూసుకోవడం ఒక పని, విషానికి వైద్యం చేయడం వేరే పని. మొదటిదాన్ని చూపించి రెండోది అమ్ముతున్నారు. ఆ అమ్మకంలో రైతు డబ్బే కాదు, కాలమూ పోతోంది. మన సీమ చెరువుల్లో కాలం పోవడమంటే ఏమిటో తర్వాత చెబుతాను.

ముందు ఈ విషం ఎక్కడ పుడుతుందో చూడాలి. చిత్తూరు సీమకు ఇది పరాయి సరుకు కాదు. వానాకాలం శెనక్కాయను ఇక్కడ జూన్, జూలై నెలల్లో విత్తుతారు. గింజ ముదిరే వేళకు చాలా ఏళ్లలో వాన మొహం చాటేస్తుంది. నేల ఎండి వేడెక్కి, బెట్టకొచ్చిన చెట్టు కింద కాయ బలం తగ్గుతుంది. మట్టిలో ఎప్పుడూ ఉండే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అప్పుడే గింజలోకి చేరుతుంది. పెరికే నాటికి, అంటే అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనం దిగుతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చెరువులు నిండేది ప్రధానంగా ఆ వానతోనే. పెరికి కుప్పలేసిన చెట్లను తడిపేదీ అదే వాన. కుప్ప పైపొర రెండెండలకు ఆరినట్టే కనిపిస్తుంది. చెయ్యి లోపలికి పెడితే గోరువెచ్చగా తగులుతుంది, ముక్కిన వాసన వస్తుంది. పాతిక, ముప్పై అయిదు డిగ్రీల మధ్య వేడి, దానికి తోడు తేమ. బూజుకు ఇంతకంటే ఏం కావాలి?

అక్కడితో అయిపోదు. కాయలు ఒలిచే మిషనులో గింజ పగలకుండా ఉండాలని ముందుగా నీళ్లు చిలకరించే అలవాటు ఒకటుంది. పప్పు బద్దలు కాకుండా వస్తే మంచి ధర పలుకుతుంది కాబట్టి ఈ అలవాటును ఎవరూ తప్పు పట్టరు. ఆ తడితోనే గింజ బస్తాకెక్కుతుంది, బస్తా గోదాముకెక్కుతుంది. మంచి పప్పు ఏరి ఒక దారిన పోతుంది. ముడుచుకున్నది, రంగు మారినది, పుచ్చుపట్టినది నూనె మిల్లు దారి పడుతుంది. ఆ బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ అనే విషం నూనెలో సరిగా కరగదు. గానుగాడినా ఎక్స్‌పెల్లర్‌లో పిండినా విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే నిలిచిపోతుంది. అంటే ఏరివేతలో పోయిన గింజలన్నిటి పాపమూ చెక్క బస్తాలో పోగవుతుంది. ఆ చెక్కే ఆవుకు, కోడికి, చేపకు మేత.

1980లలో చిత్తూరు జిల్లా కోళ్ల ఫారాల్లో అఫ్లాటాక్సిన్ విషం సోకి కోడిపిల్లలు చచ్చిన సంగతి, గుడ్లు పడిపోయిన సంగతి పశువైద్య పత్రాల్లో నమోదై ఉంది. కోళ్ల రైతులు ఆ దెబ్బతో మేత పరీక్షించడం నేర్చుకున్నారు. చేపల రైతుకు ఆ పాఠం ఇంకా చేరలేదు. కోడి చస్తే పొద్దున్నే కళ్లెదుట కనిపిస్తుంది. నీళ్లలో చేప ఎదగకపోతే వల లాగే దాకా తెలియదు.

ఈ విషం చరిత్రలోనే మన ప్రశ్నకు సగం జవాబుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ల పిల్లలు ఉన్నట్టుండి చనిపోయాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్ రోగం' అని పేరు పెట్టారు. తవ్వితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశెనగ చెక్క బయటపడింది, దానిలోని బూజు బయటపడింది, ఆ బూజు కక్కిన అఫ్లాటాక్సిన్ బయటపడింది. దాదాపు అదే కాలంలో అమెరికా హాచరీల్లో రెయిన్‌బో ట్రౌట్ చేపలకు కాలేయంలో కణితులు పుట్టుకొచ్చాయి. అక్కడ దోషి బూజు పట్టిన పత్తిగింజల చెక్క. ట్రౌట్ ఈ విషానికి ఎంత సున్నితమంటే, కిలో మేతలో ఒక మైక్రోగ్రాము కూడా లేని మోతాదును నెలల తరబడి తిన్నా కణితులొచ్చాయి. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ సమస్య ఎలా తీరింది? చెడ్డ చెక్కను మేతలోంచి తీసేయడం వల్ల తీరింది. టానిక్కుల వల్ల తీరలేదు. అరవై ఏళ్లు దాటినా అఫ్లాటాక్సిన్‌కు నేరుగా పనిచేసే విరుగుడు మందు మనుషులకే లేదు. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వంద మందికి పైగా చనిపోయారు. దాన్ని పరిశోధించి ప్రపంచానికి చెప్పింది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారే. మనిషికి లేని విరుగుడు మందు చేపకు మాత్రం డబ్బాలో దొరుకుతోందంటే, అనుమానించకుండా ఎలా కొంటాం?

ఇప్పుడు అవతలివారి వాదనను దాని బలంతో సహా తీసుకుందాం. వాళ్లు చెప్పేది ఇది: అఫ్లాటాక్సిన్ కాలేయంలో ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది. విషం తిన్న చేప కాలేయంలో, విషాన్ని పట్టి బయటికి పంపే గ్లూటాథయోన్ అనే పదార్థం తగ్గుతుంది, కొవ్వులు చెడిపోయిన గుర్తులు పెరుగుతాయి, కణాన్ని కాపాడే ఎంజైములు మందగిస్తాయి. యాంటీఆక్సిడెంట్ ఇస్తే ఈ కొలతలు మళ్లీ మామూలు వైపు వస్తాయి. కాబట్టి యాంటీఆక్సిడెంట్ మందు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2000 తర్వాతి తొలి ఏళ్లలో రోహు మీదే ఈ పని చేశారు. అఫ్లాటాక్సిన్‌తో రోగనిరోధక శక్తి దెబ్బతిన్న రోహులకు ఎక్కువ మోతాదులో విటమిన్ ఈ పెట్టి చూశారు, విటమిన్ సి పెట్టి చూశారు. ఆ శక్తి కొంత మెరుగైంది. అది నిజాయితీ గల పని, మన చేప మీద మన దేశంలో జరిగిన పని. నేను దాన్ని కాదనను.

నేను కాదనేది ఆ పనిలోంచి కొట్టు దాకా వచ్చేసరికి మారిపోయిన అర్థాన్ని. ఆ ప్రయోగం చూపించింది, విషం తగిలిన చేప జబ్బులను కొంచెం మెరుగ్గా తట్టుకుంటుందని. విషం పోయిందని చూపించలేదు. కాలేయం బాగుపడి చేప మామూలుగా ఎదిగిందని చూపించలేదు. రోజూ బూజు మేత తింటూనే ఉన్న చేప గురించి అది మాట్లాడనేలేదు.

విషం ఎలా పనిచేస్తుందో చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. అఫ్లాటాక్సిన్ బి1 పేగు నుంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల బృందం, ఒంట్లోకి వచ్చిన పరాయి పదార్థాలను వదిలించుకునే ప్రయత్నంలో, దాన్ని ఎపాక్సైడ్ అనే చాలా చురుకైన రూపంలోకి మారుస్తుంది. అసలు ప్రమాదం ఇదే. ఆ ఎపాక్సైడ్ వెళ్లి డీఎన్‌ఏలోని గ్వానిన్‌ను పట్టుకుని అతుక్కుంటుంది. కణంలోని ప్రొటీన్లకూ అతుక్కుంటుంది. అది అతుక్కోకముందే గ్లూటాథయోన్ వచ్చి పట్టేసుకుంటే విషం విసర్జనలో బయటికి పోతుంది. ఎలుకల కంటే చిట్టెలుకలు ఈ విషాన్ని బాగా తట్టుకోవడానికి కారణం, ఆ పట్టేసే ఎంజైము వాటి కాలేయంలో బలంగా ఉండటం. ట్రౌట్‌లో ఆ ఎంజైము బలహీనం. ఈ కథలో విటమిన్ ఈ పాత్ర ఎక్కడ? అతుక్కోవడం జరిగాక, దాని వెంట లేచే మంటల్లో కొన్నింటిని ఆర్పడంలో ఉంది. గ్వానిన్‌కు అంటుకున్న విషాన్ని అది ఊడదీయదు. కొలతల పట్టికలో కనిపించే మెరుగుదలంతా ఆ పక్క మంటల గురించే. అసలు గాయం గురించి కాదు.

గ్లూటాథయోన్‌ను పెంచే పదార్థాలు కొన్ని నిజంగా రక్షిస్తాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. అవును, రక్షిస్తాయి. కానీ ఎప్పుడు? విషానికి ముందు, లేదా విషంతో పాటు. ఇక్కడే అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జార్జ్ బెయిలీ బృందం ట్రౌట్ మీద చేసిన పనిని మన కన్సల్టెంట్లందరూ చదవాలని నా కోరిక. క్యాబేజీ జాతి కూరల్లో దొరికే ఇండోల్-3-కార్బినాల్ అనే పదార్థాన్ని అఫ్లాటాక్సిన్‌కు ముందు పెడితే ట్రౌట్‌లో కణితులు తగ్గాయి. అదే పదార్థాన్ని విషం ఇచ్చిన తర్వాత నెలల పాటు పెడితే కణితులు పెరిగాయి. 1980ల నుంచే తెలిసిన సంగతి ఇది. ఒకే పదార్థం, ఒకే చేప, ఒకే విషం. మారింది వరుస ఒక్కటే. రక్షించేది కాస్తా హాని చేసేదైంది. అది మన డబ్బాల్లోని విటమిన్ కాదన్నది నిజమే. అయినా 'ముందు ఇస్తే మంచిదైతే తర్వాత ఇచ్చినా మంచిదే' అనే ఊహ ఎంత ప్రమాదమో చెప్పడానికి అది చాలు. మన రైతు చేతికి మందు చేరేది ఎప్పుడూ తర్వాతే. చేపలు మేత మానేశాకే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

అదే ట్రౌట్ మీద బాగా పనిచేసిన మరో పదార్థం క్లోరోఫిలిన్. ఆకుపచ్చ పత్రహరితం నుంచి చేసేది. 2001లో చైనాలోని ఛిడొంగ్‌లో మనుషుల మీద చేసిన పరీక్షలో కూడా అది అఫ్లాటాక్సిన్ వల్ల డీఎన్‌ఏకు జరిగే నష్టాన్ని సగానికి పైగా తగ్గించింది. దాని గొప్పతనం యాంటీఆక్సిడెంట్ గుణంలో ఉందనుకునేవారున్నారు. ప్రధానంగా అది చేసే పని వేరు: పేగులోనే విషంతో జతకట్టి, దాన్ని ఒంట్లోకి ఎక్కనివ్వదు. ఎక్కకుండా ఆపినవి గెలిచాయి, ఎక్కాక తుడవబోయినవి ఓడిపోయాయి. ఈ రంగంలో దశాబ్దాల పనిని ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను చెప్పేది అదే.

పరిశోధన పత్రాల రాశిని చూసి బెదిరేవారికి ఇంకో మాట. 'ఫలానా పదార్థం తిలాపియాలో అఫ్లాటాక్సిన్ నష్టాన్ని తగ్గించింది' అనే తరహా పత్రాలు కుప్పలుగా వస్తున్నాయి. పసుపులోని కర్క్యుమిన్, పాలముల్లు మొక్క సిలిమారిన్, స్పైరులీనా, వెల్లుల్లి, ఏది పడితే అది. వాటిలో చాలావాటి నడక ఒక్కటే. శుభ్రమైన తొట్టెలు, ఎనిమిది, పన్నెండు వారాల గడువు, మొదటి రోజు నుంచే విషం, మందు రెండూ ఒకే మేతలో. విషం మోతాదు కూడా గమనించాలి. నైలు తిలాపియాలో ఎదుగుదల తగ్గడం చూడాలంటే కిలో మేతకు 2.5 మిల్లీగ్రాముల విషం పెట్టాల్సి వచ్చింది. మన దేశంలో పశువుల దాణాకు ఉన్న హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు. అంటే ఆ ప్రయోగపు మోతాదు దానికి 125 రెట్లు. చెరువులో జరిగేది అలా ఉండదు. కొద్దికొద్దిగా, ఒక బస్తాలో ఎక్కువ, ఇంకో బస్తాలో తక్కువ, నెలల తరబడి, అదీ ఒక్క అఫ్లాటాక్సిన్ కాదు, ఇతర బూజుల విషాలతో కలిసి. ఆ పత్రాల్లోని పట్టికలను మళ్లీ చూడండి. నాలుగు గుంపులుంటాయి: మంచి మేత, మంచి మేత ప్లస్ మందు, విషపు మేత, విషపు మేత ప్లస్ మందు. నాలుగో గుంపు మూడోదానికంటే మెరుగ్గా ఉందన్నది శీర్షికకు ఎక్కుతుంది. ఆ నాలుగో గుంపు, మందు లేకుండా మంచి మేత మాత్రమే తిన్న మొదటి గుంపు కంటే ఎంత వెనకబడిందో రైతుకు ఎవరూ చదివి వినిపించరు.

ఇంత చెప్పినా రైతు ఒక మాట అంటాడు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అది కళ్లతో చూసిన సాక్ష్యం. "డబ్బా వాడాను సామీ, చేపలు తిరుక్కున్నాయి." తిరుక్కున్నది నిజమే. ఎందుకు తిరుక్కున్నాయో అడగాలి. మందు రాసిచ్చేవాళ్లు దానితో పాటు ఇంకో రెండు మాటలు చెబుతారు: రెండు మూడు రోజులు మేత ఆపు, పాత బస్తా పక్కన పెట్టి కొత్తది విప్పు. చెరువులోకి కొత్తనీళ్లు పెట్టమని కూడా అంటారు. విషం లోపలికి పోవడం ఆగితే చేప కాలేయం తనంతట తాను కొంత కోలుకుంటుంది. కట్ల, రోహు లాంటి మన వెచ్చనీటి చేపలు ట్రౌట్ కంటే ఈ విషాన్ని చాలా ఎక్కువగా తట్టుకుంటాయి కూడా. ఆపిన మేత చేసిన మేలును డబ్బా తన ఖాతాలో వేసుకుంది. మందు లేకుండా మేత మాత్రం మార్చి చూసిన చెరువు పక్కన ఒకటి ఉంటే తేడా తెలిసేది. అలా ఎవరూ చూడరు, చూసేందుకు ఎవరూ డబ్బివ్వరు.

అసలు ఆ చెరువులో ఉన్నది బూజు విషమేనని ఎవరు తేల్చారు? మేత ముట్టకపోవడం, మొప్పలు పాలిపోవడం, ఎదుగుదల ఆగడం, ఇవి నూరు కారణాల వల్ల వస్తాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయినా వస్తాయి, చేపపేను పట్టినా వస్తాయి, అమ్మోనియా పెరిగినా వస్తాయి. ఒక చేపను కోసి కార్జం చూస్తే కొంత తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న రోహు కార్జం ముదురు ఎరుపు, గోధుమ రంగు కలిసి నిగనిగలాడుతుంది. విషం తిన్నదాని కార్జం పాలిపోయి పసుపు తిరుగుతుంది, వేలితో నొక్కితే చితుకుతుంది, ఒక్కోసారి మచ్చలుంటాయి. అయితే ఎక్కువ తవుడు తిని కొవ్వు పట్టిన కార్జం కూడా పసుపుగానే ఉంటుంది. చివరి మాట చెప్పగలిగేది మేత పరీక్షే. పరీక్ష లేకుండా మందు అమ్మేవాడు జబ్బు తెలియకుండానే వైద్యం చేస్తున్నాడు.

ఆ మందు చేప నోటికి ఎంత చేరుతుందన్నది మరో ప్రశ్న. ఆంధ్రలో చేపల మేత పద్ధతి మన రైతులే కనిపెట్టుకున్నది. ఎరువుల సంచికి అడుగున చిల్లులు చేసి, తవుడు, చెక్క నింపి, నీళ్లలో పాతిన కర్రలకు వరసగా కడతారు. చేపలు వచ్చి చిల్లుల్లోంచి లాక్కుతింటాయి. మేత వృథా కాకుండా ఉండటానికి అది గొప్ప ఏర్పాటు. మామూలు విటమిన్ సికి మాత్రం అది చావుబాట. నీటిలో కరిగే పదార్థం, గాలికి, వేడికి నిలవనిది. చేప వచ్చి నోరు పెట్టేలోపే సంచిలోంచి కరిగి చెరువులో కలుస్తుంది. నీళ్లలోనే చల్లేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఎకరాల చెరువులో గుప్పెడు పొడి చల్లి ఆ నీటి విటమిన్‌తో చేప కార్జం బాగవుతుందనడం మోసం, అంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు. సెలీనియం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అమెరికా చానెల్ క్యాట్‌ఫిష్‌కు దాని అవసరం కిలో మేతకు పావు మిల్లీగ్రాము. 15 మిల్లీగ్రాములకు చేరితే అదే విషం. కొలత లేకుండా రెండు కంపెనీల పొడులు కలిపేసే చోట ఆ దూరం దాటడం కష్టమేమీ కాదు.

మరో గందరగోళం కూడా తీర్చాలి. మేత కంపెనీలు కలిపే యాంటీఆక్సిడెంట్లు మేతలోని నూనె కంపు పట్టకుండా చూస్తాయి. బూజును ఆపడానికి వాడేది ప్రొపియోనిక్ ఆమ్లం లాంటివి. ఈ రెండూ అప్పటికే పుట్టిన విషాన్ని ముట్టుకోవు. చెక్కను ఎండలో పోసి, పైన బూజు దులిపి, మంచి తవుడులో సగం కలిపితే సరిపోతుందనేవారికి కూడా ఇదే జవాబు: దులిపితే పోయేది బూజు, విషం కాదు. వంట వేడికి, గుళికల మిషను వేడికి అఫ్లాటాక్సిన్ పూర్తిగా చావదు. టాక్సిన్ బైండర్లుగా అమ్మే బెంటొనైట్ లాంటి బంకమట్టి పదార్థాలు మాత్రం అఫ్లాటాక్సిన్‌ను పేగులో పట్టుకోగలవు, అది రుజువైన సంగతే. కానీ బూజులు పుట్టించే మిగతా విషాలు చాలావాటి మీద వాటి పట్టు బలహీనం. ఐరోపాలో ఆ పనికి బెంటొనైట్‌ను అనుమతించింది కూడా పశువులు, కోళ్లు, పందుల మేతకు. నాకు బైండర్ల మీద కోపం లేదు. విటమిన్ల కంటే అవే నయం. కానీ అవి కూడా చెడ్డ చెక్క కొనడానికి లైసెన్సు కాకూడదు.

ఇక కాలం సంగతి. కొల్లేటి చుట్టూ నీళ్లకు ఢోకా లేని చోట చేప ఎదగకపోతే రైతు ఇంకో రెండు నెలలు ఆగుతాడు, మేత ఖర్చు పెరుగుతుంది, అంతే. చిత్తూరు వైపు ఊరి చెరువుల్లో ఆ వెసులుబాటు లేదు. ఈశాన్య వానకు నిండిన చెరువు చాలా ఊళ్లలో వేసవి ముదిరేసరికి నెర్రెలిస్తుంది. తూము దగ్గర బురద మిగిలే నాటికి చేప ఎంత బరువుంటే అంతే డబ్బు. ఆ కొద్ది నెలల్లో రెండు మూడు వారాలు టానిక్కు నమ్ముకుని అదే చెక్క పెడుతూ పోతే, పోగొట్టుకున్న ఎదుగుదల మళ్లీ రాదు. మత్స్యకార సొసైటీ గుత్త డబ్బు ముందే కట్టేసి ఉంటుంది. ఇక్కడ తప్పుడు వైద్యానికి పడే శిక్ష అక్కడికంటే ఎక్కువ.

ఏం చేయాలి అంటే, చెరువు నుంచి వెనక్కి నడవాలి. కుప్పలు తడవకుండా చూడటం, మిషనుకు ముందు నీళ్లు చల్లడం మానడం, పప్పు ఏడెనిమిది శాతం తేమకు ఆరాకే బస్తాకెత్తడం, గోదాములో బస్తాలను నేల మీద కాకుండా కర్రల మీద పేర్చడం. ఇవేవీ కొత్త మాటలు కావు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ అనంతపురం రైతులతో కలిసి ఏళ్ల తరబడి ఇదే చెప్పింది. ఆ సంస్థలో డి.వి.ఆర్. రెడ్డి లాంటి శాస్త్రవేత్తలు అఫ్లాటాక్సిన్‌ను కొలిచే ఎలిసా పరీక్షను తయారుచేసి, ఒక నమూనా ఖర్చును పేద దేశాలు భరించగలిగే స్థాయికి దించారు. తిరుపతిలోనే వేరుశెనగ మీద పనిచేసే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, వ్యవసాయ కళాశాల ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ముత్తుకూరు మత్స్య కళాశాల 1991 నుంచి ఉంది. ఇన్ని ఉన్నచోట మిల్లు నుంచి ట్రాక్టరు మీద నేరుగా చెరువు కట్టకు వచ్చే చెక్క బస్తాకు ఒక పరీక్ష చీటీ ఎందుకు లేదు? చేపల మేత నాణ్యత కోసం రాష్ట్రం 2020లో చట్టమే చేసింది. ఆ చట్టం కంపెనీ గుళికల బస్తా దగ్గర ఆగిపోకుండా విడి చెక్క దాకా రావాలి. పశువులకున్న 20 మైక్రోగ్రాముల హద్దును చేపల చెక్కకు కూడా గట్టిగా అమలు చేయాలి. నమూనా తీసేటప్పుడు ఒక బస్తా పైనుంచి గుప్పెడు తీస్తే చాలదు. ఈ విషం సరుకంతా సమానంగా పరుచుకుని ఉండదు కాబట్టి చాలా బస్తాల నుంచి, అడుగు నుంచి కూడా తీసి కలపాలి.

"పరీక్షలంటూ పోతే చిన్న రైతు మేత ఎక్కడ తెస్తాడు?" అని నన్ను అడుగుతారు. అనుమానం వచ్చిన రోజు మేత లేకపోయినా కార్పు చేప చావదు. పశువుల పేడ వేసిన చెరువులో పుట్టే సూక్ష్మజీవుల మీద కట్ల బతుకుతుంది, రోహు, మోసు కూడా కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. నీళ్లు పచ్చగా ఉన్నాయో లేదో చూసుకుని, ముక్కిన చెక్కను ఆపేసి, పొడిగా ఉన్న తవుడు కొద్దికొద్దిగా ఇస్తూ పది రోజులు గడపవచ్చు. టానిక్కు పెట్టే డబ్బు ఆ పది రోజుల్లో నమూనా పరీక్షకు పెట్టాలి. చీటీలో హద్దు దాటినట్టు వస్తే చెక్కను మిల్లుకు తిప్పి పంపాలి, డబ్బు వెనక్కి అడగాలి. మిల్లువాడు ఒప్పుకోకపోతే సొసైటీ మొత్తం కలిసి అడగాలి.